రాష్ట్ర స్వతంత్ర జీవన మండలి (అమెరికా)

రాష్ట్ర స్వతంత్ర జీవన మండలి (స్టేట్‌వైడ్ ఇండిపెండెంట్ లివింగ్ కౌన్సిల్) అమెరికాలో వికలాంగుల స్వతంత్ర జీవనానికి కావలసిన సేవలపై రాష్ట్రం మొత్తానికీ మూడేళ్ల ప్రణాళిక తయారుచేసి, దాని అమలును గమనించే సంస్థ. పొడి అక్షరాల్లో ‘సిల్క్’ అంటారు. 1973 నాటి పునరావాస చట్టానికి 1992లో చేసిన సవరణలతో ఈ మండలులు ఏర్పడ్డాయి. సభ్యుల్లో సగానికి మించి వికలాంగులే ఉండాలన్న నియమం వీటికి ప్రాణం.

నేపథ్యం

స్వతంత్ర జీవనం అంటే ఎవరి సాయమూ లేకుండా బతకడం కాదు. ఏ ఇంట్లో ఉండాలి, పొద్దున ఎన్నింటికి లేవాలి, సాయానికి ఎవరిని పెట్టుకోవాలి అన్నవి ఎవరికి వారే తేల్చుకోగలగడం. ఈ ఉద్యమానికి పుట్టినిల్లు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ. పద్నాలుగో ఏట పోలియో సోకిన ఎడ్ రాబర్ట్స్ 1962లో అక్కడి విశ్వవిద్యాలయంలో చేరారు. శ్వాస కోసం ఆయన పడుకోవలసిన ‘ఐరన్ లంగ్’ యంత్రానికి హాస్టల్‌లో చోటు కుదరలేదు. క్యాంపస్‌లోని కోవెల్ ఆసుపత్రి గదిలో ఉండి చదువుకున్నారు. ఆ తర్వాత చేరిన వికలాంగ విద్యార్థులూ ఆయనా కలిసి ‘రోలింగ్ క్వాడ్స్’ అనే బృందంగా ఏర్పడ్డారు. ఆ ఒరవడిలోనే 1972లో బర్క్‌లీలో స్వతంత్ర జీవన కేంద్రం వెలిసింది. రాబర్ట్స్ ఎన్నటికీ ఉద్యోగం చేయలేరని ఒకప్పుడు తేల్చేసిన కాలిఫోర్నియా పునరావాస శాఖకు 1975లో ఆయనే అధిపతి అయ్యారు. పునరావాస చట్టానికి 1978లో చేసిన సవరణలతో ఇలాంటి కేంద్రాలకు ఫెడరల్ నిధులు అందే మార్గం ఏర్పడింది.

కూర్పు

సభ్యులను సాధారణంగా గవర్నర్ నియమిస్తారు. పదవీకాలం మూడేళ్లు, వరుసగా రెండు పూర్తి కాలాలకు మించి కొనసాగరాదు. మెజారిటీగా ఉండే వికలాంగ సభ్యులు రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో గానీ, స్వతంత్ర జీవన కేంద్రాల్లో గానీ ఉద్యోగులై ఉండకూడదు. ప్రభుత్వ శాఖల ప్రతినిధులు కూర్చుంటారు, మాట్లాడతారు, కానీ వారికి ఓటు లేదు. సమావేశానికి వచ్చే సభ్యులకు పిల్లల సంరక్షణ ఖర్చునూ, వెంట వచ్చే సహాయకుల ఖర్చునూ చెల్లించవచ్చని చట్టమే చెబుతోంది. కుర్చీ వేసి పిలిస్తే చాలదు, అక్కడిదాకా వచ్చే దారీ చూపాలి అన్న ఎరుక ఆ చిన్న నిబంధనలో ఉంది.

విధులు

మండలి ప్రధాన బాధ్యత రాష్ట్ర ప్రణాళిక. ఏ కౌంటీకి స్వతంత్ర జీవన కేంద్రం ఉంది, ఏది ఇంకా అందని ప్రాంతం, నిధులు ఎటు మళ్లాలి అన్నది అందులో రాయాలి. ఇందుకు ప్రజాభిప్రాయం వినాలి. ప్రణాళికపై మండలి అధ్యక్షులు, నిధులు నిర్వహించే రాష్ట్ర సంస్థ అధిపతి, కేంద్రాల డైరెక్టర్లలో కనీసం 51 శాతం మంది సంతకాలు చేయాలి. కాబట్టి ప్రభుత్వం ఒక్కటే రాసుకుని పంపితే అది చెల్లదు.

సేవలు అందించే పని కేంద్రాలది. సమాచారం, జీవన నైపుణ్యాల శిక్షణ, తోటి వికలాంగుల సలహా, హక్కుల కోసం వాదించడం అన్నవి వాటి మౌలిక సేవలు. 2014లో వచ్చిన మరో చట్టం వీటికి ఐదోది చేర్చింది: నర్సింగ్ హోముల నుంచి ఇళ్లకు మారేవారికీ, చదువు ముగించి బయటికి వచ్చే యువతకూ తోడ్పడటం. ఏళ్ల తరబడి నర్సింగ్ హోములో ఉన్న మనిషి సొంత ఇంటికి చేరాలంటే గుమ్మం ముందు ర్యాంపు, చక్రాల కుర్చీ పట్టే స్నానాల గది తలుపు, రోజూ వచ్చే సహాయకులు కావాలి. అవి సమకూర్చడానికి అండగా నిలిచే కేంద్రం ప్రతి ప్రాంతానికీ అందుబాటులో ఉందా అని చూసుకోవడం మండలి వంతు.

పరిమితులు

మండలి ఏ ప్రభుత్వ శాఖలోనూ భాగంగా ఉండరాదు. వ్యక్తులకు నేరుగా సేవలు అందించరాదు. స్వతంత్ర జీవన కార్యక్రమాల ఫెడరల్ పర్యవేక్షణ ఆ 2014 చట్టంతోనే విద్యాశాఖ నుంచి ఆరోగ్య, మానవ సేవల శాఖకు మారింది.

భారతదేశంలో

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో సహా ప్రతి రాష్ట్రంలోనూ ఒక సలహా మండలి ఉండాలంటోంది. దానికి సంబంధిత శాఖ మంత్రి అధ్యక్షులు; వికలాంగుల ప్రతినిధులు సభ్యులు. అమెరికా మండలి వేరైనది ఇక్కడే: ఓట్లలో మెజారిటీ వికలాంగులది, వారి ఆమోదం లేనిదే ప్రణాళిక గడప దాటదు. ఎవరి బతుకు గురించి రాస్తున్నారో కలం వారి చేతికే ఇవ్వడం ఈ వ్యవస్థ సాధించిన అసలు మేలు.