మోటబావియు యంత్రశాస్త్రమును

శక్తి, పీడనము, ఘర్షణము అను మాటలను మన బాలురు నిర్వచనములుగా వల్లెవేయుచున్నారు. పరీక్ష ముగిసినంతనే అవి మరపున బడుచున్నవి. కరీంనగరు, ఆదిలాబాదు సీమల రైతులకు ఈ విషయములు బావిగట్టుననే పరిచితములై యుండెను. పేర్లు మాత్రమే వారెరుగరు.

విద్యుత్తు పంపులు రాకపూర్వము ఇచ్చటి సేద్యపు బావులు పెక్కింటికి మోటయే ఆధారము. ఎడ్లు వాలుబాటను దిగుచు మోకును లాగగా, గిలకమీదుగా తోలుసంచి పైకి వచ్చి, తొండముగుండ నీరు కాలువలో పడెడిది. నూరు లీటర్ల నీటిని పది మీటర్ల లోతునుండి తోడినచో జరిగిన పని సుమారు 9,800 జౌల్‌లు. వాలు దిగునపుడు ఎడ్ల బరువుకూడ లాగుటకు తోడ్పడును. ఇది ఉచితలాభమని తలపరాదు. మరల ఎగువకెక్కునపుడు ఆ యప్పు తీర్చవలసినదే. నిండిన సంచిని బావి నడుమ నిలిపి పట్టినచో ఎడ్లు అలయునుగాని నీటిపై జరిగిన పని సున్న. బలమునకును పనికిని గల భేదము ఇంతకంటె స్పష్టముగ ఏ పుస్తకమున నున్నది?

గిలక కీచుమన్నచో రైతు ఆముదము పోసెడివాడు. బండి ఇరుసునకు కందెన రాచెడివాడు. రాపిడివలన పోవు శ్రమ నశింపక వేడిగా మారునని ఆంగ్లేయుడగు జౌల్ 1840ల దశకమున నీటిని రెక్కలతో చిలికి, కొలిచి చూపెను. అయినను ఘర్షణమును శత్రువుగానే బోధించుట మాకు సమ్మతము కాదు. వానకు తడిసిన వాలుబాటపై గిట్ట నిలువనిచో మోకును లాగునదెట్లు?

1983లో రామగుండమున ఎన్‌.టి.పి.సి. వారి మొదటి 200 మెగావాట్ల యంత్రము నడువనారంభించెను. ఒక్క యూనిట్టు విద్యుత్తు 36 లక్షల జౌల్‌లు. నష్టములు విడిచినచో, పైన చెప్పిన మోటకు 367 సంచులు. ఆ యంత్రము పూర్తిగ నడచిన గంటకు రెండులక్షల యూనిట్లు!

ఇక పీడనము. జలాశయము వెనుకకు ఎంత దూరము వ్యాపించిన, కట్టపై నంత ఒత్తిడి యని చదువుకొన్నవారును పలుకుట మేము వింటిమి. అది పొరపాటు. పీడనము లోతును బట్టియే యుండును. పది మీటర్ల లోతున చదరపు మీటరునకు సుమారు పది టన్నులు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని కడెం ఆనకట్టను 1958లో వరద పొర్లి తెంచెను. తిరిగి కట్టిన ఆ యానకట్ట గేట్లమీదుగనే 2022 జూలైలో నీరు పొరలెను. లోతు పెరిగినకొలది నీరు గేటును దాని ఆధారములకు మరింత అదుమును. అదిమినకొలది రాపిడి హెచ్చును. ఎత్తవలసిన వేళనే గేటు బరువెక్కును.