బీజీయ సమాసాలు: ఒక పాఠ్యపరిభాష పూర్వచరిత్ర

ప్రవేశిక

తెలుగు మాధ్యమంలో ఏడవ తరగతి చదివే విద్యార్థికి ‘సమాసం’ అనే మాట రెండు చోట్ల ఎదురవుతుంది. తెలుగు వాచకంలో అది వేరువేరు అర్థాలు గల రెండు పదాలు కలిసి ఏకపదం కావడం. గణితంలో అది చరరాశులు, స్థిరరాశులు పరికర్మలతో కూడిన రూపం. ‘పదం’ కూడా రెండు పాఠాలకూ ఉమ్మడి మాటే. ఒకే ధ్వని గల ఈ మాటలు రెండు భిన్న నియమాలను ఎలా మోస్తున్నాయో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అవ్యక్తం నుండి చరరాశి వరకు

తెలుగులో గణిత రచన అనగానే పావులూరి మల్లన స్మరణకు వస్తాడు. ఆయన తెలుగు పద్యాలలోకి తెచ్చిన మహావీరాచార్యుని గణితసారసంగ్రహం ప్రధానంగా పాటీగణిత గ్రంథం. అందువల్ల బీజగణిత పరిభాష మూలాలకై సంస్కృత గ్రంథాలనే ఆశ్రయించవలసి ఉంటుంది.

బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో (628) తెలియని రాశిని ‘అవ్యక్తం’ అన్నాడు; అటువంటి రాశులు అనేకమైనప్పుడు వాటిని ‘వర్ణాలు’ అన్నాడు. భాస్కరాచార్యుని బీజగణితంలో (సుమారు 1150) మొదటి అవ్యక్తం యావత్తావత్తు. తరువాతివి కాలకం, నీలకం, పీతకం మొదలైన రంగుల పేర్లు. రాతలో వాటి తొలి అక్షరాలైన యా, కా, నీ, పీలే నిలుస్తాయి. తెలిసిన సంఖ్యకు ‘రూపం’ అనే మాటలోని ‘రూ’ గుర్తు. వర్ణమంటే రంగు, అక్షరం కూడా కావడం ఇక్కడ ఎంతో సార్థకంగా అమరింది.

నేటి ‘చరరాశి’ దీనికి కేవలం పర్యాయపదం కాదు. అవ్యక్తం ఉన్నదే, కాని మరుగున ఉన్నది. గణించి దానిని వెలికితీయాలి. చరరాశి వివిధ విలువలను స్వీకరించగలది. ‘పదం’ విషయంలో మార్పు మరింత స్పష్టం. బ్రహ్మగుప్తుని గణితంలో ఈ మాట వర్గమూలాన్ని సూచించేది. నేటి పాఠ్యపుస్తకంలో అది సమాసంలోని ఒక భాగం. మాట పాతదే అయినా భావం కొత్తది.

సజాతి, విజాతి

సజాతి పదాలనే కలపాలి, విజాతి పదాలను విడిగా ఉంచాలి అన్న పాఠశాల నియమం మాత్రం ప్రాచీనమే. బ్రహ్మగుప్తుడు, భాస్కరుడు ఇద్దరూ దీనిని విధించారు. భాస్కరుని లేఖన పద్ధతిలో ‘యా 3 కా 2’ అని పక్కపక్కన రాస్తే అది సంకలనం. భిన్న వర్ణాల గుణకారలబ్ధానికి ‘భావితం’ అని వేరే పేరు, ‘భా’ అని వేరే గుర్తు ఉన్నాయి. నేటి పద్ధతి ఇందుకు విరుద్ధం: అక్షరాలను పక్కపక్కన రాస్తే గుణకారం, కూడికకు గుర్తు తప్పనిసరి.

ప్రాథమికోన్నత తరగతులలో తరచుగా కనిపించే ఒక దోషాన్ని ఈ నేపథ్యంలో గమనించాలి. 3 ఎక్స్ + 2 వై అనే సమాసాన్ని విద్యార్థి 5 ఎక్స్‌వై అని సూక్ష్మీకరిస్తాడు. ఇతర భాషలలో చదివేవారిలోనూ ఇది ఉన్నదే కనుక తెలుగు పరిభాషే దీనికి కారణమనడం సరికాదు. అయితే కలిసి ఏకపదమయ్యేదే సమాసమని తెలుగు తరగతిలో నేర్చిన విద్యార్థికి ఆ జవాబు సహజంగానే తోచవచ్చు. అతడు వ్యాకరణ నియమాన్ని గణితానికి అన్వయిస్తున్నాడు.

వ్యాకరణం చూపే మార్గం

దీనికి విరుగుడు కూడా వ్యాకరణంలోనే లభిస్తుంది. సంఖ్య పూర్వపదంగా గలది ద్విగు సమాసం, ‘ముల్లోకాలు’ ఉదాహరణ. 3 ఎక్స్ నిర్మాణం అటువంటిదే. గుణకం పూర్వపద స్థానంలో నిలుస్తుంది. 3 ఎక్స్ + 2 వై ద్వంద్వాన్ని పోలినది. ‘తల్లిదండ్రులు’ అన్నప్పుడు తల్లి తండ్రిలో లీనం కాదు. ఉభయపదార్థాలకూ ప్రాధాన్యం ఉంటుంది. అదే విధంగా రెండు విజాతి పదాలు ఒక సమాసంలో ఉంటూనే తమ ఉనికిని నిలుపుకుంటాయి. ఈ పోలికకు హద్దులున్నాయి. వ్యవకలనానికి, గుణకారానికి ఇది చాలదు. అయినా మొదటి మెట్టు దగ్గర విద్యార్థికి తెలిసిన ఆధారాన్ని అందిస్తుంది.

ముగింపు

పాఠ్యపరిభాషను గురించిన చర్చ సాధారణంగా సంస్కృత పదమా, తేట తెలుగు పదమా అన్న ప్రశ్న వద్దే ఆగిపోతుంది. పై పరిశీలన మరో ప్రశ్నను ముందుకు తెస్తున్నది: ఆ పదం విద్యార్థి మనసులో అప్పటికే ఏ అర్థంతో ఉన్నది? ‘సమాసం’ అన్న పేరును మార్చనవసరం లేదు. రెండు పాఠాలలో దాని అర్థభేదాన్ని ఇద్దరు ఉపాధ్యాయులూ ఒక్కమారు విప్పి చెబితే చాలు. ఆ భేదాన్ని నిరూపించి అందించే బాధ్యత గణితశాఖతోపాటు తెలుగు పరిశోధకులది కూడా.