విప్పడమా, కొయ్యడమా: పాత లారీలో తుప్పు బోల్టు చరిత్ర

పాత లారీని విప్పే షెడ్డులో బోల్టుకి రెండే గతులు. పానాకి లొంగితే బయటపడుతుంది, లేదంటే గ్యాస్ మంటకి పోతుంది. ఏది జరగాలో తేల్చింది ఎప్పుడూ తుప్పు ఒక్కటే కాదు. విడిభాగాలు దొరకని రోజుల్లో మేస్త్రీలు నట్టుని బతిమాలి విప్పారు. మనిషి కూలి ముందు బోల్టు ఖరీదు వెలవెలబోయాక కోసి పారేయడం నేర్చారు.

మన రోడ్ల మీదికి లారీలు మూడు వంశాలుగా వచ్చాయి. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో షెవర్లే బళ్లు బిగించడం మొదలెట్టింది. యుద్ధం అయ్యాక డాడ్జి, ఫార్గో వచ్చాయి. ఇవన్నీ అమెరికా కొలతల బళ్లు. చెన్నై దగ్గర ఎన్నూరులో పుట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్‌గా మారి బ్రిటిష్ కొలతలు తెచ్చింది. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటావాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీ కట్టారు. దాని మూతి మీద మెర్సిడెస్ నక్షత్రం ఉండేది, బోల్టులన్నీ మిల్లీమీటర్లే. ఆ ఒప్పందం 1969లో ముగిసినా మిల్లీమీటరు మాత్రం మనదగ్గరే ఉండిపోయింది.

ఈ కొలతల గొడవకి అప్పటికే వందేళ్ల చరిత్ర ఉంది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరలకి 55 డిగ్రీల కోణం ఖాయం చేస్తే, 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు చాలన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఒకరి నట్టు ఇంకొకరి బోల్టుకి పట్టక మిత్రదేశాలు నానా అవస్థా పడ్డాయి. చివరికి 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా ఉమ్మడి మరకి ఒప్పుకున్నాయి. అప్పటికే తయారైన బళ్లు ఆ ఒప్పందం కోసం మారవు కదా! విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు లావు. అర అంగుళం అని రాసున్న పానా నిజానికి అంగుళానికి కాస్త తక్కువ వెడల్పున్న నట్టుకి పడుతుంది. ఇది తెలియని కుర్రాడు దగ్గరగా ఉందని మిల్లీమీటరు పానా వేసి లాగితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. ‘తుప్పు బోల్టు, రావట్లేదు’ అని తిట్టించుకున్న నట్టుల్లో చాలావాటి విషయంలో నేరం పానాదే.

బ్రిటిష్ లారీల్లో ఇంకో తిరకాసు కూడా ఉండేది. చక్రం తిరిగే తీరుకి నట్టు వదులు కాకూడదని చాలా బళ్లలో ఎడమవైపు చక్రాలకి ఎదురు మర పెట్టేవారు. అలవాటు కొద్దీ విప్పబోతే అది ఇంకా బిగుసుకుంటుంది. పైపు తొడిగి తొక్కితే స్టడ్డు తెగుతుంది.

కోల్‌కతా-చెన్నై రహదారిని హైదరాబాదు-మచిలీపట్నం రోడ్డు కలిసే చోటున్న విజయవాడ లారీల ఊరు కావడంలో వింత లేదు. 1960ల్లో ఆటోనగర్ ఏర్పడ్డాక బాడీ కట్టేవాళ్లు, కమాను పట్టీలు సరిచేసేవాళ్లు, పాత సామాను అమ్మేవాళ్లు ఒక్కచోట చేరారు. ఒక లారీ చచ్చిపోతే దాని గేరుబాక్సు ఇంకో లారీకి ప్రాణం పోసేది. అలాంటి చోట బోల్టుని కోసేస్తే నష్టం బోల్టుతో ఆగదు. దాన్ని పట్టుకున్న హౌసింగు కూడా పాడవుతుంది.

అందుకే ఓపిక పద్ధతులు పుట్టాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. మరల సందులో అదే చీలలా బిగుసుకుంటుంది. కమాను కట్టకి వేసే యూ బోల్టునే చూడండి. ముందు బయటికి కనిపించే మరల మీది మట్టిని వైరు బ్రష్షుతో గీకాలి. ఆ మట్టి లోపలికి పోతే నట్టు సగంలో పట్టేస్తుంది. తర్వాత డీజిలో కిరసనాయిలో పోసి రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి నట్టు పలకకి ఒకవైపు బరువైన సుత్తి ఆనించి రెండోవైపు చిన్న దెబ్బలు వేస్తే ఆ అదురుకి తుప్పు చిట్లుతుంది. అప్పుడు కూడా నేరుగా విప్పరు. ముందు వెంట్రుకవాసి బిగించి, ఆపైన వదిలి, మళ్లీ బిగించి, ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. పానాని ఒంటివైపు లాక్కోవాలే తప్ప అవతలికి తోయకూడదు. తోసినప్పుడు నట్టు ఒక్కసారిగా వదిలితే వేళ్ల కణుపులు ఛాసిస్‌కి కొట్టుకుంటాయి.

దీనికీ లొంగకపోతే వేడి. ఇక్కడ వేడెక్కాల్సింది నట్టు, బోల్టు కాదు. 20 మిల్లీమీటర్ల నట్టుని 500 డిగ్రీలు వేడెక్కిస్తే దాని రంధ్రం మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త పైన విచ్చుకుంటుంది. తుప్పు పట్టు విడవడానికి అది చాలు.

కోసే మంటకి మూలం 1892. ఆ ఏడు కెనడా మనిషి థామస్ విల్సన్ అల్యూమినియం కోసం ప్రయోగాలు చేస్తుంటే కాల్షియం కార్బైడ్ తగిలింది. దాని మీద నీళ్లు పోస్తే ఎసిటిలీన్ వస్తుంది. అదే వాయువుని ఆక్సిజన్‌తో మండిస్తే 3000 డిగ్రీలు దాటుతుందని 1895లో ఫ్రాన్సులో లె షాటెలియే చూపించాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే బ్లోపైపులు వచ్చాయి. అవి ఇనుముని ఊరికే కరిగించవు. ఎర్రగా కాగిన ఇనుము మీద ఆక్సిజన్ ఊదితే ఇనుమే కాలిపోతుంది. గాలి ముప్పై ఏళ్లుగా మెల్లగా చేస్తున్న పనిని మంట ఒక నిమిషంలో ముగిస్తుంది.

ఎసిటిలీన్ మహా కోపిష్టి. స్వీడన్ శాస్త్రవేత్త గుస్తాఫ్ డాలెన్ దాని మీద ప్రయోగం చేస్తూ 1912లో కళ్లు పోగొట్టుకున్నాడు. ఆ ఏడే ఆయనకి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. సిలిండరులో ఈ వాయువుని అసిటోన్‌లో కరిగించి ఉంచుతారు, కాబట్టి దాన్ని పడుకోబెట్టి వాడకూడదు. మన రోడ్డుపక్క షాపుల్లో చాలాకాలం సిలిండరు కూడా లేదు. డబ్బాలో కార్బైడ్ రాళ్లు వేసి, నీళ్లు పోసి, అక్కడికక్కడే గ్యాస్ పుట్టించేవారు. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే రాళ్లే అవి. అలాంటి డబ్బా పక్కన బీడీ ముట్టించడం ఎంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు.

విచిత్రమేమంటే, ఓపిక పద్ధతికి కావాల్సిన నూనె మంట పద్ధతికి బద్ధశత్రువు. డీజిలుతో నానిన బోల్టు మీద మంట పెడితే భగ్గుమంటుంది. గ్రీజు చేత్తో ఆక్సిజన్ రెగ్యులేటరు బిగిస్తే నిప్పురవ్వ అక్కర్లేకుండానే అంటుకోవచ్చు. ఖాళీ డీజిలు ట్యాంకు కూడా నమ్మదగ్గది కాదు, అందులో మిగిలిన ఆవిరి వేడికి పేలుతుంది. ఎయిర్ బ్రేకు బళ్లలో వెనక చక్రాల దగ్గరుండే స్ప్రింగు డబ్బా మరీ దగాకోరు. గాలంతా పోయినా లోపలి స్ప్రింగు అణిగే ఉంటుంది. బోల్టుతో దాన్ని బంధించకుండా క్లాంపు విప్పితే మూత తుపాకి గుండులా వస్తుంది. అది తుప్పు పట్టి ఉంటే అసలు విప్పకుండా డబ్బాని అలాగే తీసి పక్కన పెట్టడం తెలివైన పని.

2021లో కేంద్ర ప్రభుత్వం బళ్ల తుక్కు పనికి నియమాలు తెచ్చింది. నమోదైన కేంద్రంలోనే బండిని విప్పాలి, ముందుగా నూనెలు, బ్యాటరీ తీసేయాలి, ఛాసిస్ నంబరున్న ముక్కని కోసి దాచాలి. పెద్ద కేంద్రాల్లో ఛాసిస్‌ని యంత్రపు కత్తెర ముక్కలు చేస్తుంది, అక్కడ బోల్టు తుప్పు పట్టిందా లేదా అని అడిగే నాథుడే లేడు. ఇంజను, గేరుబాక్సు, డిఫరెన్షియల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్కడా పానా దిగుతుంది. వాటికింకా కొనేవాళ్లున్నారు.