ఎరుక చెప్పిన అవ్వలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వీధుల్లో మా ఎరుకల అవ్వలు చంకన బుట్ట, చేత కర్రతో తిరిగి ఎరుక చెప్పేవాళ్ళు. ఎరుక అంటే తెలివిడి. నిద్ర పట్టని కోడలు, కూడు సయించని తల్లి చెయ్యి చాపితే, అవ్వ ఆ చెయ్యి పట్టుకొని ముందు ఇంటి సంగతులు అడిగేది. ఒంటి నొప్పి మాట ఆ తర్వాతే. జరగబోయేది చెప్పగలిగిందని మేము అనం. దిగులు చెప్పుకోను ఒక మనిషి దొరికేది, అది చిన్న సంగతి కాదు. పెనుకొండ బాబయ్య దర్గాకు కులమతాలు చూడకుండా జనం పోయేది కూడా ఇందుకే కాబోలు.

అట్లాంటి జాతిని పుట్టుదొంగలని రాశారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. తిరుగుడే బతుకైన వాళ్ళు ఊరు దాటాలంటే పోలీసుకు చెప్పాలి, ఠాణాలో హాజరు వేయించుకోవాలి. ఆ భయంలో నిద్ర యాడ పడుతుంది? ఏ డాక్టరు చీటీలో దీన్ని జబ్బుగా రాశారు? చట్టం 1952లో పోయింది. చూపు పోలేదు, బడిలో మా పిల్లలు ఇంకా కులం పేరు దాచుకుంటున్నారు.

పక్కనున్న బళ్ళారిలో 1985 నుంచి బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే మనోవైద్యం నేర్పారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మూర్ఛలొచ్చే పిల్లను దర్గాకు తీసుకుపోండి, ఎరుకా అడగండి, మాత్ర మాత్రం ఆపొద్దు. చచ్చిపోతానన్న పిల్లోడి మాట తేలిగ్గా తీసుకోవద్దు. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పంతుళ్ళు ఆ నంబరు బడి గోడ మీద రాయించండి.