కంచె కట్టినా కోపం పోదు

రుషికొండ నుంచి భీమిలి దారి పట్టుకుని కొంత దూరం పోతే తొట్లకొండ. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు సముద్రానికి ఎదురుగా అక్కడ విహారం కట్టుకుని ఉండేవారు. శోధించవచ్చిన మారుణ్ని గెలిచిన బుద్ధుణ్ని తలుచుకుంటూ మనసును అదుపు చేసుకున్న నేల అది. కాబట్టి 1805లో లండన్ మిషనరీ సొసైటీ పక్షాన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖలో దిగి శోధన గురించి చెప్పినప్పుడు, ఈ తీరానికి అది బొత్తిగా కొత్త సంగతి కాదు.

ఆనందరాయరు అనే క్రైస్తవుడి సాయంతో సువార్తల తెలుగు అనువాదం మొదలైంది. అవి 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి మిషనరీలిద్దరూ కన్నుమూశారు. ఆ తర్వాతి మిషన్ సంఘాల్లో శోధనకు మందు ఎక్కువగా కట్టడే. కల్లు ముట్టకూడదు, జాతరకు పోకూడదు, తప్పితే ప్రభు భోజనానికి రానివ్వరు. కొత్తగా పుట్టిన సంఘానికి కంచె కావాలి, కాదనను. కానీ జాతర మానేసినవాడు ఇంటికొచ్చి భార్యను తిడితే, దాన్ని ఏ పద్దు కింద రాస్తారు?

ఆ ప్రశ్నకు జవాబున్న సంప్రదాయం 1846లో ఇదే ఊరికి వచ్చింది. ఆల్ప్స్ ఒడిలోని అనెసీ నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు వచ్చారు. మరుసటి ఏడే సెయింట్ అలోషియస్ బడి పెట్టారు. వారి సభకు పేరిచ్చిన ఫ్రాన్సిస్, సంసారంలో ఉన్న ఒక స్త్రీకి రాసిన సలహాలను 1609లో పుస్తకంగా తెచ్చాడు. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారి సన్యాసి ఎవాగ్రియస్ ఎనిమిది దురాలోచనలంటూ విడదీసి చూపిన మనసు చదువు, ఆ పుస్తకంతో ఇల్లాలి చేతికి అందింది.

ఫ్రాన్సిస్ లెక్కలో ఆలోచన రావడం పాపం కాదు, దానికి ఒప్పుకోవడమే పాపం. హత్య మానడం చాలామందికి తేలికే, చిరాకు మానడమే కష్టం. తోడేలు కన్నా ఈగే మనిషిని ఎక్కువ వేధిస్తుందని ఆయన పోలిక. ఒక్కొక్క ఈగతో పోట్లాడుతూ కూర్చోవద్దు, వాటికి విరుద్ధమైన గుణాన్ని, అన్నిటికీ మించి దేవుని ప్రేమను సాధన చెయ్యమన్నాడు. స్వతహాగా ముక్కోపి అయిన ఆయనకు సౌమ్యుడని పేరు తెచ్చుకోవడానికి ఏళ్లు పట్టిందని చరిత్రకారులు రాశారు.

ఇలాంటి రోజువారీ సాధన ఇతర సంఘాల్లోనూ కనిపిస్తుంది. 1941లో మద్రాసులో సువార్తికుడు భక్తసింగ్ మొదలుపెట్టిన పరిశుద్ధ సమావేశాలు, తర్వాత హైదరాబాదులోని హెబ్రోను ప్రార్థనా మందిరం కేంద్రంగా తెలుగు జిల్లాలకు పాకాయి. అక్కడా రోజువారీ ప్రార్థనకు, బైబిలు పఠనానికే పెద్దపీట. కానీ ఇప్పుడు ఒక్క రాత్రి కూటంలోనే వ్యసనాల నుంచి విడుదల అంటూ గోడల మీద పోస్టర్లు కనిపిస్తున్నాయి. ఫ్రాన్సిస్‌కు అన్నేళ్లు ఎందుకు పట్టిందో ఆ పోస్టర్లలో రాయరు.