ఎద్దుల బండికి లేని స్టీరింగ్ మన పికప్‌కి ఎలా వచ్చింది? బిగిస్తే సరిపోయే రోజులు ఎందుకు పోయాయి?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఎద్దుల బండికి స్టీరింగ్ ఎందుకు లేదు?

అవసరం లేదు కాబట్టి. దానికి ఉండేది ఒక ఇరుసు, రెండు చక్రాలు. కాడి కింద ఎద్దులు పక్కకి తిరిగితే నొగతో పాటు బండి మొత్తం తిరుగుతుంది. కష్టమంతా నాలుగు చక్రాల బండితోనే మొదలైంది.

పాతకాలం యూరప్ గుర్రపు బండ్లలో ముందు ఇరుసుకి మధ్యలో ఒకే మేకు ఉండేది. మలుపు వస్తే ఇరుసు ఇరుసంతా తిరగాలి. గట్టిగా తిప్పితే బండి బోల్తా. దీనికి దారి చూపించింది జర్మనీలోని మ్యూనిక్‌లో బండ్లు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్. ఇరుసు కదలకూడదు, రెండు చివర్లలో ఉన్న చక్రాలు మాత్రమే తిరగాలి అన్నాడు. ఆయన తరఫున 1818లో లండన్‌లో పేటెంట్ తీసుకున్నది రుడాల్ఫ్ అకర్‌మన్. అందుకే ఇప్పటికీ ఇంజనీరింగ్ పుస్తకాల్లో దీని పేరు అకర్‌మన్ స్టీరింగ్.

ఇందులో ఒక మెలిక ఉంది. మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంలో తిరుగుతుంది, బయటిది పెద్ద వృత్తంలో. కాబట్టి రెండూ ఒకే కోణంలో తిరగకూడదు. ఒక పాత జీపు లెక్క చూద్దాం. లోపలి చక్రం సుమారు 27 డిగ్రీలు తిరిగితే, బయటిది 22 డిగ్రీల దగ్గర ఆగాలి. లేకపోతే టైరు దొర్లకుండా రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. ఈ తేడాని కాపాడేది రెండు చక్రాలను కలిపే రాడ్డు, అదే టై రాడ్. కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ తీసుకున్న మొదటి కారుకి మూడే చక్రాలు. నాలుగు చక్రాలకి నచ్చిన స్టీరింగ్ ఆయనకి 1893లో గానీ కుదరలేదు.

సరే, ఇక మన ఊళ్లకి వద్దాం. ఎర్రగుంట్ల మీదుగా మద్రాసు-బొంబాయి రైలు బ్రిటిష్ కాలంలోనే వచ్చింది. కానీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా నంద్యాలకి ప్యాసింజర్ రైలు మొదలైంది 2016లో. పులివెందులకి నేటికీ రైలు లేదు. అంటే పులివెందుల చీనీకాయలు, అరటి గెలలు, జమ్మలమడుగు వైపు కడప బండలు, ప్రొద్దుటూరు అంగళ్ల సరుకు, అన్నీ రోడ్డు మీదే పోవాలి. నల్లరేగడిలో గుంతల దారి, పైన ఎండ, వెనకాల బరువు. బండి స్టీరింగ్‌కి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?

ఈ దారుల్లో మన పాత తరం నేర్చుకున్న మెకానిజం జీపుది. మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులతో మొదలుపెట్టింది. ఆ జీపులో స్టీరింగ్ బాక్స్ కింద డ్రాప్ ఆర్మ్, దానికి డ్రాగ్ లింక్, ఆ లింక్ ముందు మధ్యలో ఉన్న బెల్ క్రాంక్‌ని తిప్పుతుంది. బెల్ క్రాంక్ నుంచి రెండు టై రాడ్లు చెరో చక్రానికి. లెక్కేస్తే ఆరు బాల్ జాయింట్లు, పైన బెల్ క్రాంక్ సొంత అరుగుదల. ఒక్కోదానిలో రవ్వంత ప్లే ఉన్నా, అన్నీ కలిస్తే చక్రం కదలకముందే స్టీరింగ్ చేతిలో ఊగుతుంది.

ఇక్కడే అసలు విషయం. జీపు డ్రాగ్ లింక్ చివర లోపల స్ప్రింగు, బంతికి రెండు వైపులా గిన్నెల్లాంటి సీట్లు, చివర మరతో బిగించే ప్లగ్గు ఉండేవి. ప్లే వస్తే స్ప్లిట్ పిన్ తీసి, ప్లగ్గు బిగించి, కొంచెం వెనక్కి తిప్పి, మళ్లీ పిన్ వేస్తే అయిపోయేది. సీట్లు అరిగితే అవి మాత్రమే మార్చుకోవచ్చు. కాబట్టి "లూజైందా? బిగించు" అనే మాట ఆ రోజుల్లో నూటికి నూరుపాళ్లు నిజం. అది చెప్పిన పెద్ద మేస్త్రీలకి పని బాగా తెలుసు.

తర్వాత బండ్లు మారాయి. 1988లో టాటా మొబైల్ పికప్ వచ్చింది, 2000లో బొలెరో, 2005లో టాటా ఏస్. బాల్ జాయింట్ కూడా మెల్లగా మారింది. ముందు గ్రీజు నిప్పల్ ఉన్నవి, తర్వాత లోపల ప్లాస్టిక్ సీటు పెట్టి పూర్తిగా సీల్ చేసినవి. వీటిలో బిగించడానికి ప్లగ్గు లేదు, విప్పడానికి దారి లేదు. పైన రబ్బరు బూటు చిరిగితే దుమ్ము, నీళ్లు లోపలికి పోతాయి. బంతి అరుగుతుంది. చివరికి బంతి గిన్నెలోంచి ఊడి వస్తుంది. ఆ క్షణంలో ఒక చక్రం మీ మాట వినదు. వెనకాల చీనీకాయలు ఉన్నా, మనుషులు ఉన్నా దానికి ఒకటే.

కానీ అలవాటు మాత్రం పాతదే మిగిలింది. కొందరు స్టీరింగ్ బాక్స్ మీద ఉన్న స్క్రూ బిగిస్తారు. ప్లే ఉన్నది బాల్ జాయింట్‌లో అయితే, దీనివల్ల స్టీరింగ్ బరువెక్కుతుంది తప్ప జాయింట్ బాగుపడదు.

చట్టం ఏమంటుందో తెలుసా? 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ రూలు ప్రకారం, స్టీరింగ్ చక్రం దగ్గర ప్లే 30 డిగ్రీలు దాటకూడదు. అంటే గడియారంలో 12 నుంచి 1 వరకు, అంతే. బాల్ జాయింట్లకి రబ్బరు క్యాపులు ఉండాలి. బోల్టులు, పిన్నులు ఊడకుండా లాక్ అయి ఉండాలి.

చూసుకోవడం కష్టమేం కాదు. బండి నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ని అటూఇటూ కొంచెం ఊపాలి. ఇంకొకరు ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. ఒక వైపు కదిలి, రెండో వైపు ఆలస్యంగా కదిలిందంటే ఆ జాయింట్ పని అయిపోయినట్టే. టైరు లోపలి అంచో, బయటి అంచో ఒక్కటే అరగడం కూడా ఒక గుర్తు.

మార్చేటప్పుడు నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, పాత ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకి వచ్చిందో లెక్కపెట్టాలి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలి. చాలా రాడ్లకి ఒక చివర ఎడమ మర ఉంటుంది, జాగ్రత్త. రెండు, బంతి కాడని మర మీద సుత్తితో కొట్టకూడదు. పుల్లర్ వాడాలి. మూడు, కాజిల్ నట్ బిగించాక పిన్ రంధ్రం కలవకపోతే ఇంకొంచెం ముందుకే బిగించాలి, వెనక్కి వదలకూడదు. స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే. నాలుగు, పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. చుట్ల లెక్క బండిని అలైన్‌మెంట్ షాపు దాకా తీసుకుపోవడానికి మాత్రమే.

రెండు వందల ఏళ్ల కింద ఒక బండ్ల మేస్త్రీ బోల్తా పడకూడదని చేసిన ఆలోచన ఇది. అది ఇప్పుడు పెద్ద గోలీ అంత ఇనుప బంతి మీద ఆధారపడి మన రోడ్ల మీద తిరుగుతోంది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పాత పికప్ ఉంటే ఈ ఆదివారం కింద ఒకసారి చూడండి. "బిగిస్తే చాల్లే" అని నాయనో, మామో అంటే, ఆ మాట ఏ బండికి నిజమో ఈ కథ చెప్పండి. ఉంటాను.