హైదరాబాద్ పేరు రాసుకున్న ఖైదీ

న్యూజెర్సీ ఐసెలిన్‌లో నలుగురు తెలుగువాళ్లు బిర్యానీ ముందు కూర్చుంటే మాటల్లోకి నిజాం రాక తప్పదు. ఓక్‌ట్రీ రోడ్డు మీద ఏ హోటల్లో విన్నా కథ ఒకటే: యుద్ధం వచ్చినప్పుడు నిజాం దేశానికి అయిదు టన్నుల బంగారం ఊరికే ఇచ్చేశాడట. ఆయన పెట్టింది 425 కిలోలు, అదీ 1965లో రక్షణ నిధి బంగారం బాండ్లలో, ఆరున్నర శాతం వడ్డీకి అని నేను అడ్డం పడితే ఎవరికీ రుచించదు. వడ్డీ మాట వచ్చేసరికి కథలో పస పోతుంది మరి. ఆయన నిజంగానే ఊరికే ఇచ్చిన యుద్ధ కానుక ఇంకోటుంది. దాని ఊసు మాత్రం ఒక్కరూ ఎత్తరు.

అది బాంబర్ విమానాల దండు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడు, 1918లో, బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు కొత్త డీహెచ్-9ఏ విమానాలు ఇచ్చారు. వాటి ఖర్చు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భరించాడు. నిజాం బహూకరించినట్టు ప్రతి విమానం మీదా రాయించారు. దాంతో అది హైదరాబాద్ స్క్వాడ్రన్ అయిపోయింది. తర్వాతి కాలంలో ఆ దళం పెట్టుకున్న చిహ్నంలోని పులి కూడా నిజాం రాజముద్రలోదే. ఆయనకు ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు వచ్చిందీ ఆ ఏడే. ఇచ్చిపుచ్చుకోవడాలు అలా ఉండేవి.

మాది భువనగిరి వైపు. నిజాం హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ కల్దార్ వేరు అని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. ఇంగ్లండులో విమానం కట్టేవాడికి హాలీ సిక్కా ఎందుకు? కల్దార్ కావాలి. ఆ కల్దార్ ఎక్కడిది అంటే పట్వారీ లెక్కలోకి వెళ్లాలి. సర్కారు దివానీ అనండి, నిజాం సొంత సర్ఫెఖాస్ అనండి, ఏ ఖజానా అయినా నిండేది ఎక్కువగా రైతు కట్టిన శిస్తుతోనే. ఆ ఏడే దక్కన్‌లో వానలు ముఖం చాటేశాయి, వెనకే ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చేసింది. ఉస్మానియా యూనివర్సిటీ పుట్టిందీ ఆ ఏడే, అది కూడా చెప్పుకోవాలి. జ్వరాలతో మూలుగుతున్న ఊళ్లు, కొత్త యూనివర్సిటీ, జర్మనీ మీద బాంబులు, మూడూ ఒకే సంస్థానం పద్దులోవి.

నేను నెవార్క్ ఎయిర్‌పోర్టులో ఇంజన్ల మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. అందుకని నా కన్ను ముందు ఇంజన్ మీదే పడుతుంది. అంతకుముందు వచ్చిన డీహెచ్-9కి ఉన్న పెద్ద జబ్బు దాని ప్యూమా ఇంజన్. బలం చాలదు, పైగా దారిలో మొరాయించేది. ఈ కొత్త రకానికి అమెరికా వాళ్ల లిబర్టీ ఇంజన్ తగిలించారు. ప్యాకార్డ్ కంపెనీ విన్సెంట్, హాల్-స్కాట్ కంపెనీ హాల్ కలిసి 1917 వేసవి మొదట్లో వాషింగ్టన్‌లోని విల్లర్డ్ హోటల్ గదిలో కూర్చుని కొద్ది రోజుల్లో దాని నమూనా గీశారు. పన్నెండు సిలిండర్లు, 400 హార్స్‌పవర్. మామూలుగా ఇలాంటి ఇంజన్‌లో రెండు వరసల మధ్య 60 డిగ్రీల కోణం పెడతారు. వీళ్లు 45కి కుదించారు. ముక్కు సన్నబడుతుంది, గాలి అడ్డు తగ్గుతుంది, అదురూ తగ్గుతుంది. సిలిండర్లు ఒకే దిమ్మలో పోసినవి కావు. దేనికదే విడిగా, చుట్టూ నీళ్లు తిరగడానికి పలచటి రేకు తొడుగు వెల్డింగ్ చేసినవి. వాటిని ఉక్కు గొట్టాల నుంచి చవగ్గా చేసే ఉపాయం ఫోర్డ్ వాళ్లు కనిపెట్టారు. నిప్పురవ్వకి మాగ్నెటో లేదు, బ్యాటరీనే. ఆ రోజుల్లో అది సాహసమే.

చెక్క చట్రం, గుడ్డ తొడుగు ఇంగ్లండువి, ఇంజన్ అమెరికాది, డబ్బు హైదరాబాద్‌ది. ఆ యుద్ధంలోనే మా ఐసెలిన్‌కు దగ్గర్లో ఉన్న న్యూ బ్రన్స్‌విక్‌లో రైట్-మార్టిన్ వాళ్లు హిస్పానో-సూయిజా విమాన ఇంజన్లు చేస్తుండేవాళ్లు. మెట్రోపార్క్ నుంచి రైల్లో ఆ ఊరి మీదుగా వెళ్లే మన పిల్లల్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

1918 సెప్టెంబర్ మొదట్లో 110వ దళం ఫ్రాన్స్‌లోని బెటోంకూర్ చేరింది. పని జర్మనీ ఊళ్ల మీద పట్టపగలు బాంబులు వేయడం. కాపలాగా ఫైటర్ విమానాలు రావు. ముందు పైలట్, వెనక అబ్జర్వర్, ఇద్దరి నెత్తి మీదా కప్పు లేదు. కొన్ని వేల అడుగుల ఎత్తులో గడ్డకట్టే చలి. శత్రువు వెనక నుంచి వస్తే అబ్జర్వర్ గుండ్రటి పట్టా మీద తిరిగే లూయిస్ తుపాకీతో నెట్టుకురావాలి. పారాచూట్ ఇవ్వలేదు. కాబట్టి దెబ్బ తగిలితే దూకేయడం అనేదే లేదు, బండిని నేలకు దించాలి, లేదా దాంతోపాటు పోవాలి. సెప్టెంబర్ 25న ఫ్రాంక్‌ఫర్ట్ దాడిలో నాలుగు విమానాలు పోయాయి. అక్టోబర్ 21న ఒక్కరోజే ఏడు. యుద్ధం ఆగేనాటికి పోరులో పోయినవి 17, ప్రమాదాల్లో పోయినవి 28, వేసిన బాంబులు పదిన్నర టన్నులు. యుద్ధం గెలిచింది వీటివల్ల అని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆ బాంబులు పడ్డ ఊళ్లలో కాపరముండేవాళ్లు కూడా శిస్తు కట్టే మామూలు మనుషులే.

అక్టోబర్ 5న కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ ఎఫ్1010 నంబర్ విమానంలో లేచారు. యోవిల్‌లో వెస్ట్‌ల్యాండ్ కంపెనీ కట్టిన బండి అది. వెళ్లాల్సింది కొలోన్‌కి, మబ్బు అడ్డం వచ్చి దాడి కైజర్స్‌లౌటర్న్, పిర్మాసెన్స్ మీదకి మళ్లింది. ఎఫ్1010 తిరిగి రాలేదు. జర్మన్ గడ్డ మీద దిగింది, ఇద్దరూ ఖైదీలయ్యారు. సరిగ్గా 37 రోజులకు యుద్ధమే ముగిసింది.

మనుషుల చెర అంతటితో సరి. బండి చెర అప్పుడే మొదలైంది. పెద్దగా చెడకుండా దొరికిన శత్రు విమానం కనుక జర్మన్లు దాచుకున్నారు. 1936లో బెర్లిన్‌లో విమానాల మ్యూజియం పెట్టినప్పుడు అందులో నిలబెట్టారు. 1943లో బ్రిటిష్ బాంబర్లే వచ్చి బెర్లిన్ మీద, ఆ మ్యూజియం మీద బాంబులు కురిపించాయి. మిగిలిన విమానాలను తూర్పుకు తరలించారు. యుద్ధం అయ్యాక ఆ నేల పోలండ్‌కి పోయింది, బండి పోలిష్ వాళ్ల చేతికి చిక్కింది. క్రాకోవ్ మ్యూజియంలో ఉండిపోయింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దీన్ని వెనక్కి తెచ్చుకుంది. 59 ఏళ్ల చెర. అప్పటికి నిజాం పోయి పదేళ్లు, హైదరాబాద్ సంస్థానమే లేదు. బేరం ఇద్దరి మధ్యే తెగింది, డబ్బు పెట్టినవాళ్లను అడిగే దిక్కు లేదు.

ఆ బండి బెర్లిన్‌లో చెరలో ఉండగానే హైదరాబాద్ స్క్వాడ్రన్‌కు మరో చెర వచ్చింది. 1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, విల్హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ నౌకల మీద జరిగిన మొదటి దాడిలో 110వ దళం బ్లెన్‌హైమ్ బాంబర్లు ఉన్నాయి. వాటిని నడిపించిన కెన్నెత్ డోరన్‌కి దానికి పతకం వచ్చింది. 1940 ఏప్రిల్ 30న నార్వే తీరంలో ఆయన విమానం కూలి, ఆయన ఖైదీ అయ్యాడు. ఇంగ్లిస్‌ది నెల చెర, ఈయనది యుద్ధం ముగిసేదాకా. 1942లో ఆ దళాన్ని ఇండియాకి పంపారు. బర్మా సరిహద్దులో ఈసారి ఏకంగా విమానాలే అమెరికావి, వల్టీ వెంజెన్స్‌లు.

ఎఫ్1010కి కొత్త రెక్కలు కట్టి లండన్ ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వాయుసేన) మ్యూజియంలో పెట్టారు. నేను అక్కడ చూసిందల్లా ముక్కు దగ్గర నిలబడి ఆ సిలిండర్ల వరసే. మా ఆవిడ మాత్రం పక్కనున్న రాత చదివి, ‘మన డబ్బేనా ఇది’ అంది. నెవార్క్ నుంచి హైదరాబాద్‌కు లండన్ మీదుగా వెళ్లేవాళ్లు ఒక పూట ఆగే వీలుంటే నార్తర్న్ లైన్‌లో కాలిండేల్ స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి నడిచి వెళ్లొచ్చు, టికెట్ లేదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మాత్రం వీసా సంగతి ముందే చూసుకోవాలి.